ఇళకు ఎవరు చెప్పాలి?
('రాధికాసాంత్వనం' మళ్లీ చదువుతూ)

కనుమ నాడు అహోబిలం నరసింహస్వామి పారువేటకు బయలుదేరతాడు. నలభై రోజులకు పైగా ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలు తిరిగి, తన పెళ్లికి రమ్మని అందరినీ పిలిచి మళ్లీ కొండకు చేరతాడు. చెంచులు ఆయన్ని తమ ఇంటి అల్లుడంటారు, తమ పిల్ల చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి. మా కొత్తపల్లెలో ఆడవాళ్లు ఈ కథ చెప్పుకునేటప్పుడు ఎక్కువసేపు నవ్వుకునేది పెద్దామె అలక దగ్గర. అలిగిన లక్ష్మమ్మను సముదాయించలేక స్వామి పడిన పాట్లు మా జేజి చెబుతుంటే అరుగంతా నవ్వులే. ఆ చెంచుపిల్ల ఏమనుకుందో మాత్రం జేజి ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఈమధ్య మా పక్కింటి పిల్ల పెద్దమనిషయింది. చాప పరిచి, మూలన కూర్చోబెట్టి, చిమ్మిలి పెట్టి, పసుపునీళ్లు పోసి అన్నీ పద్ధతి ప్రకారం చేశారు. ముప్ఫై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరై ఊరికి వచ్చినదాన్ని కదా, ఆ పిల్ల తల్లి నన్ను పక్కకు పిలిచి, "అక్కా, నువ్వు టీచరమ్మవు. నాకు నోరు రాదు. పాపకు రెండు మాటలు చెప్పిపో" అంది. లోపలికి వెళ్లాను. ఆ పిల్ల తలెత్తి చూసింది. "బాగా చదువుకో తల్లీ" అని తల నిమిరి బయటికొచ్చాను. స్త్రీల లైంగికత మీద వ్యాసాలు రాశాను, సభల్లో మాట్లాడాను. పన్నెండేళ్ల పిల్ల ముందు నాకు దొరికిన మాటలు అవే!

ఆ రాత్రి సిగ్గుతో నిద్ర పట్టక అలమారలోంచి తీసిన పుస్తకం ముద్దుపళని రాసిన 'రాధికాసాంత్వనం'. నాకు చాలా ఇష్టమైన పుస్తకం. ఒక ఆడపిల్లకు శరీరం గురించి మరో స్త్రీ చెప్పే మాటలు ఇంత విపులంగా ఉన్న పాత తెలుగు కావ్యం నాకు మరొకటి తెలియదు. ఆ మాటల కోసమే దాన్ని మళ్లీ తెరిచాను. ఇన్నేళ్లూ ఈ పుస్తకాన్ని నేను సగమే చదివానని అప్పుడు తెలిసింది.

మొదటిసారి చదివింది 90లలో. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1991లో వచ్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటం ద్వారానే నా తరం వాళ్లలో చాలామందికి ముద్దుపళని పరిచయమైంది. ఎం.ఏ.లో ప్రబంధాలు చదివినా ఆమె పేరు పాఠంలో వినలేదు. కనబడగానే పోగొట్టుకున్న సొమ్ము దొరికినట్టనిపించింది. నా ప్రతిలో ఇప్పటికీ పెన్సిలు గీతలున్నాయి. ముద్దుపళని తన గురించి తాను గర్వంగా చెప్పుకున్న చోట గీత. రాధ కృష్ణుడి మీద మండిపడే చోట రెండు గీతలు. ఇళాదేవి ఉన్న పుటలు మాత్రం శుభ్రంగా, కొత్తవాటిలా ఉన్నాయి.

కథ తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి. తంజావూరును 1739 నుంచి 1763 వరకు ఏలిన మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉండేది. దేవదాసీ కులంలో పుట్టింది. సంగీతం, నాట్యం, సాహిత్యం నేర్చిన విదుషీమణి. ఆండాళ్ తిరుప్పావైని కూడా తెలుగు చేసింది. కావ్యం మొదట్లో కవులు తండ్రినీ తాతనూ తలుచుకుని వంశం చెప్పుకుంటారు కదా, ఈమె తన అవ్వ తంజనాయకి దగ్గర్నుంచి తన ఇంటి ఆడవాళ్లను తలుచుకుంటుంది. పండితులను తాను సత్కరించానని, తనకు కృతులు అంకితమిచ్చారని, ఇలాంటి గౌరవం ఇంకే స్త్రీకి దక్కిందని ధీమాగా అడుగుతుంది.

అంతకు ముందు నాయకరాజుల కాలంలోనే తంజావూరులో రామభద్రాంబ, మధురవాణి, రంగాజమ్మ వంటి కవయిత్రులున్నారు. కాబట్టి ముద్దుపళని ఆకాశం నుంచి ఊడిపడలేదు. చదువు, కళ, ఆస్తి ఆడవాళ్ల చేతుల మీదుగా ఆడవాళ్లకు చేరే ఒక వ్యవస్థలోంచి వచ్చింది. అదే కాలంలో గృహిణికి ఈ మూడూ అందుబాటులో లేవు. ఈ తేడాను మరిచిపోతే ఆమె ధైర్యం మనకు అర్థం కాదు.

'రాధికాసాంత్వనం' నాలుగు ఆశ్వాసాలు, 584 పద్యాల శృంగార ప్రబంధం. శుకమహర్షి జనకుడికి చెప్పినట్టుగా నడుస్తుంది. ఇందులో రాధ నడివయసు స్త్రీ. కృష్ణుడికి వరసకు అత్త, ప్రియురాలు కూడా. ఇళ అనే పిల్లను చిన్నప్పటి నుంచి ఆమే పెంచింది. ఆ పిల్ల ఈడేరుతుంది. రాధే దగ్గరుండి కృష్ణుడికిచ్చి పెళ్లి చేస్తుంది. మొదటి రాత్రికి ముందు ఇళను కూర్చోబెట్టుకుని భర్తతో ఎలా మెలగాలో చెబుతుంది. కృష్ణుడికీ చెబుతుంది, పిల్ల లేత వయసుది, మెల్లగా, సున్నితంగా చూసుకొమ్మని. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఒకరికొకరుగా ఉండిపోతే ఒంటరిదైన రాధ దుఃఖం, అసూయ, కోపం కట్టలు తెంచుకుంటాయి. కృష్ణుడు వచ్చి బతిమాలి, బుజ్జగించి ఆమెను ఓదారుస్తాడు. ఆ ఓదార్పే పుస్తకం పేరు.

మనం, అంటే స్త్రీవాదులం, ఈ పుస్తకాన్ని ఎందుకు నెత్తిన పెట్టుకున్నామో చెప్పడం కష్టం కాదు. కోరిక ఉన్న స్త్రీ, అది కూడా పడుచుదనం దాటిన స్త్రీ, తనకు కావలసింది తాను అడుగుతుంది. అలిగితే మగవాడు కాళ్లబేరానికి వస్తాడు. శృంగారాన్ని మగవాడి కళ్లతోనే చూడడం అలవాటైన మన ప్రబంధ సాహిత్యంలో ఇది చిన్న విషయం కాదు.

పుస్తకానికి జరిగిన అన్యాయం కూడా మనల్ని దగ్గర చేసింది. బ్రౌను దగ్గర పనిచేసిన పైడిపాటి వెంకటనరుసు 1887లో దీన్ని అచ్చువేయించాడు. 1907లో పునర్ముద్రణ వచ్చింది. ముద్దుపళని తన గురించి, తన అవ్వ గురించి చెప్పుకున్న పీఠిక, కొన్ని పద్యాలు వాటిలో లేవు. బెంగళూరు నాగరత్నమ్మ ఆ అచ్చుప్రతిని రాతప్రతితో సరిపోల్చి, సరిదిద్ది, 1910లో వావిళ్ల వారి చేత సమగ్రంగా ప్రచురింపజేసింది. తిరువయ్యారులో త్యాగరాజు సమాధికి గుడి కట్టించిన నాగరత్నమ్మే ఈమె. తానూ దేవదాసీ కుటుంబంలో పుట్టినదే. తన కులంలో పుట్టిన ఒక స్త్రీ ఇంత కావ్యం రాసిందని ఆమె పొంగిపోయింది.

కందుకూరి వీరేశలింగం అంతకు ముందే 'ఆంధ్రకవుల చరిత్ర'లో ముద్దుపళనిని తీసిపారేశారు. ఇందులోని చాలా విషయాలు స్త్రీలు వినడానికే తగవనీ, ఇక స్త్రీ నోటి నుంచి రావడమేమిటనీ ఆయన అభ్యంతరం. నాగరత్నమ్మ ఊరుకోలేదు. సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకు ఉండనక్కర్లేదా అని అడిగింది. ఆయన స్వయంగా చూసి అచ్చుకు ఒప్పుకున్న 'వైజయంతీవిలాసం'లో ఇంతకంటే పచ్చి శృంగారం లేదా అని నిలదీసింది. జవాబు మాటల్లో రాలేదు. 1911లో పోలీసులు ప్రతులను జప్తు చేశారు. పండితులు అర్జీలు పెట్టినా ప్రభుత్వం వినలేదు. టంగుటూరి ప్రకాశం పంతులు పూనుకున్నాక గానీ నిషేధం తొలగలేదు. 1952లో వావిళ్ల వారు మళ్లీ అచ్చువేశారు. నాగరత్నమ్మ కన్నుమూసింది ఆ ఏడాదే.

ఈ గొడవ గురించి మనం ఇప్పటికే చాలా రాసుకున్నాం. నేనూ రాశాను. ఈసారి చదువుతున్నప్పుడు నన్ను ఆపింది వేరే సంగతి. వీరేశలింగం అభ్యంతరాన్ని మళ్లీ చూడండి. "స్త్రీలు వినడానికి తగవు" అన్నారు. ఆయన ఆడవాళ్లకు చదువు వద్దన్న మనిషి కాదు. 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించినవారు. 1883లో 'సతీహితబోధిని' అని స్త్రీల కోసం ప్రత్యేకంగా పత్రిక పెట్టినవారు. ఆడపిల్ల చదవాలి. ఏం చదవాలో మాత్రం సంస్కర్త నిర్ణయిస్తాడు. ఇల్లు దిద్దుకోవడం, పిల్లల్ని పెంచడం, భర్త మనసెరిగి నడుచుకోవడం ఆ చదువులో ఉన్నాయి. తన ఒంటికి సుఖమేదో, నొప్పి ఏదో, ఇష్టం లేనప్పుడు ఎలా చెప్పాలో అందులో లేవు. ఆ జ్ఞానమంతా 'సానుల' వ్యవహారంగా పక్కకు తోసేశారు. ఒకరికి చదువు ఉండి పరువు లేదు. ఇంకొకరికి పరువు ఉండి, ఒళ్లు గురించిన ఎరుక లేదు. ఇద్దరి మధ్యా గోడ కట్టిన తర్వాత ఇళలాంటి పిల్లకు చెప్పేవాళ్లు ఎవరు మిగిలారు?

మా జేజికి పన్నెండో ఏట పెళ్లయింది. కాపురానికి పంపే రోజు వాళ్లమ్మ చెప్పిందల్లా "ఆయన చెప్పినట్టు ఇను" అని. జేజి తన కూతురికీ అదే చెప్పింది. మా అమ్మ నాకు ఆ మాట కూడా చెప్పలేదు. నేను డిగ్రీ చదివాను కాబట్టి అన్నీ తెలుసనుకుంది! వీళ్లతో పోల్చుకుంటే రాధ ఎంత మంచి గురువు! దాచదు, భయపెట్టదు. అన్నిటికంటే మెచ్చుకోవలసింది, ఆమె మగవాడికి కూడా పాఠం చెబుతుంది. ఇవాళ్టికీ మన దగ్గర జాగ్రత్తలన్నీ ఆడపిల్లకే. కృష్ణుణ్ని కూర్చోబెట్టి, ఈ పిల్లకు నొప్పి తెలుసు, భయం తెలుసు, నువ్వు ఆగడం నేర్చుకో అని చెప్పిన రాధను నేను మొదటిసారి చదివినప్పుడు గమనించనే లేదు.

అయితే ఇక్కడే నాకొక ఇబ్బంది మొదలైంది. రాధ చెప్పే ఈ పాఠం ఎవరి కోసం?

ఇళ ఇప్పుడే ఈడేరిన పిల్ల. మా పక్కింటి పాప లాంటిది. తన పెళ్లి తాను ఎంచుకోలేదు. పెంచిన తల్లిలాంటి మనిషి తన ప్రియుడికే ఇచ్చి చేసింది. కావ్యం ఆ పిల్ల ఒంటిలో వచ్చిన మార్పులను ప్రబంధ మర్యాద ప్రకారం వర్ణిస్తుంది. మొదటి రాత్రిని వర్ణిస్తుంది. మనసు మాత్రం రాధది. ఆమె రగులుతుంది, తిడుతుంది, ఏడుస్తుంది, కరుగుతుంది. ఈ పుస్తకానికి 'ఇళాదేవీయం' అని ఇంకో పేరుంది. పేరు ఇళది, సాంత్వన రాధది. రాధ చెప్పే మాటలన్నీ ఇళ భర్తకు నచ్చడానికి పనికొచ్చేవే. సుఖం ఆ పిల్లకూ ఉండాలని రాధ కోరుకుంటుంది, కాదనను. కానీ "నీకు ఇష్టమేనా?" అని అడిగే చోటు ఆ కథలో లేదు.

ఇది చదివి కొందరు మిత్రులు నా మీద కోప్పడవచ్చు. పద్దెనిమిదో శతాబ్దపు కావ్యాన్ని ఇప్పటి చట్టాలతో కొలుస్తావా అంటారు. ఎంతో కష్టపడి నిలబెట్టుకున్న పుస్తకాన్ని మనమే తగ్గించుకుంటే, వద్దన్నవాళ్లకు ఊతమిచ్చినట్టు కాదా అంటారు. ఈ రెండో మాటకు నేనూ భయపడ్డాను. అందుకే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నిషేధించినవాళ్లకు ఇళ గురించి ఏ బెంగా లేదు. పిల్ల వయసు వాళ్ల అభ్యంతరాల్లో లేదు. ఆ రోజుల్లో పిల్లల వయసు గురించి దేశమంతా మాట్లాడుకుంటూనే ఉంది. 1890లో బెంగాల్‌లో ఫూల్‌మణి అనే పసిపిల్ల భర్త బలవంతం వల్ల రక్తస్రావమై చనిపోయింది. మరుసటి సంవత్సరం సమ్మతి వయసును పదేళ్ల నుంచి పన్నెండేళ్లకు పెంచుతూ చట్టం వస్తే, అది మన ధర్మంలో జోక్యమని పెద్ద పెద్ద నాయకులే గొడవ చేశారు. ఆడపిల్లకు పద్నాలుగేళ్లు నిండాలన్న శారదా చట్టం 1929 దాకా రాలేదు. పద్దెనిమిదేళ్లు కావడానికి 1978 పట్టింది.

అంటే 1911లో ప్రభుత్వానికి పన్నెండేళ్ల పిల్లతో కాపురం నేరం కాలేదు. ఆ కాపురం ఎలా ఉంటుందో ఒక స్త్రీ రాస్తే నేరమైంది. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడడం నాకు ఇప్పటిదాకా తట్టలేదు. ఇళ మీద జాలి కలగాలంటే ముందు ఆమె కథ అందరికీ చదవడానికి దొరకాలి కదా. నాగరత్నమ్మ ఆ పుస్తకాన్ని బతికించకపోతే ఈ ప్రశ్న వేసుకునే అవకాశమే నాకు లేదు.

ముద్దుపళని తప్పు చేసిందని కూడా నేననను. తన లోకంలో పిల్లకు తెలియాల్సిన విద్యను దాచకుండా చెప్పింది. దేవదాసీ ఇళ్లలో పెద్దవాళ్లు చిన్నవాళ్లకు నేర్పే పద్ధతి అది. ఆ విద్య మీదే ఆ పిల్లల బతుకు ఆధారపడి ఉంటుంది. అక్కడ కూడా పిల్ల ఇష్టాన్ని అడిగినవాళ్లు తక్కువే. దేవదాసీ పద్ధతి పోవాలని డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి పట్టుబట్టినప్పుడు పసిపిల్లల గురించే మాట్లాడింది. తమ చదువు, ఆస్తి, గౌరవం ఏమైపోవాలని నాగరత్నమ్మ లాంటివాళ్లు ఎదురడిగారు. 1947లో మద్రాసు ప్రభుత్వం ఆ పద్ధతిని చట్టరీత్యా ఆపేసింది. ఇద్దరి మాటల్లోనూ నిజముంది. ఒకరి మాట విని ఇంకొకరి మాట చెవిన పెట్టకపోవడం మన చరిత్ర చేసిన పొరపాటు.

మరి ఇళ వైపు నుంచి మొదలయ్యే పుస్తకం ఎలా ఉంటుంది? నా అలమారలో 'రాధికాసాంత్వనం' పక్కన అట్ట చిరిగిన ఇంకో పుస్తకం ఉంది. హైదరాబాదులోని స్త్రీవాద కార్యకర్తలు, డాక్టర్లు కలిసి స్త్రీల ఆరోగ్యం గురించి 1991లో తెచ్చిన 'సవాలక్ష సందేహాలు'. ముద్దుపళనిని మాకు పరిచయం చేసిన సంపుటం వచ్చింది కూడా అదే సంవత్సరం. కావ్యం మీద నేను వ్యాసాలు రాశాను. దీన్ని మాత్రం బొట్టుబిళ్లల డబ్బాలా అవసరానికి తీసి వాడుకున్నాను, సాహిత్యం కాదు కదా అని. ఇప్పుడు రెండింటినీ ఒడిలో పెట్టుకుని చూస్తే తేడా పేరులోనే కనబడింది. ఒకటి సాంత్వన, ఇంకొకటి సందేహం. సాంత్వన పెద్దవాళ్లు ఇచ్చేది. సందేహం అడిగేవాళ్లది. నెలసరి గురించి, గర్భం గురించి, తెల్లబట్ట గురించి, ఆపరేషన్ల గురించి ఆడవాళ్లకున్న సందేహాల దగ్గర ఆ పుస్తకం మొదలవుతుంది. భర్తకు నచ్చడం దాని లక్ష్యం కాదు. రాధ చెప్పే పద్ధతి, ఇళ అడిగే హక్కు ఒకచోట కలిస్తే తయారయ్యే పుస్తకం అదేననిపించింది.

ఆ పుస్తకం వచ్చి ముప్ఫై ఏళ్లు దాటింది. 2007లో బళ్లలో కౌమార విద్య పెడదామంటే మహారాష్ట్ర, గుజరాత్, మధ్యప్రదేశ్, కర్ణాటక లాంటి రాష్ట్రాలు కుదరదన్నాయి. మళ్లీ సంస్కృతి పేరే చెప్పారు. మన ఆంధ్రప్రదేశ్ సంగతీ గొప్పగా లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల వయసు ఆడవాళ్లలో దాదాపు 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. నేను పాఠం చెప్పిన బడుల్లో తొమ్మిదో తరగతి హాజరు పట్టీలోంచి వేసవి సెలవుల తర్వాత మాయమైన పేర్లు ఎన్నో నాకు గుర్తున్నాయి. ఆ పిల్లలకు ప్రబంధాల్లో అష్టవిధ నాయికలను గుక్క తిప్పుకోకుండా వివరించాను. వాళ్ల ఒంటి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. సైన్సు టీచరు చెబుతుందనుకున్నాను. సైన్సు టీచరు ఆ పాఠం ఇంట్లో చదువుకోమనేది. ఇంట్లో వాళ్లు, టీచరమ్మ చెబుతుందిలే అనుకునేవాళ్లు.

పదకొండో రోజు ఆ పిల్లకు తలంటు పోశారు. సాయంత్రం నా దగ్గరికి పిలిపించుకున్నాను. ఉపన్యాసం ఇవ్వకూడదని ముందే అనుకున్నాను. "నీకేం తెలుసుకోవాలనుందో అడుగు, నాకు తెలిసినంత చెబుతా. తెలీకపోతే ఇద్దరం కలిసి పుస్తకంలో చూద్దాం" అన్నాను. చాలాసేపు చాప అంచు పీకుతూ కూర్చుంది. తర్వాత అడిగింది, "అవ్వా, ఇంక నాకు పెండ్లి చేస్తారా?"

నేను నెలసరి గురించి అడుగుతుందని సిద్ధపడి ఉన్నాను. ఆ ప్రశ్నకు జవాబు నా అలమారలో ఏ పుస్తకంలోనూ లేదు. "పద్దెనిమిదేళ్లు నిండకుండా చేయకూడదు. నిండినాక కూడా నీకిష్టమైతేనే. మీ అమ్మతో నేను మాట్లాడతా" అన్నాను. "నాయనతో గూడా మాట్లాడు" అంది.

ఆ తర్వాతే మిగతా ప్రశ్నలు వచ్చాయి. నొప్పి ఎన్ని దినాలుంటుంది, బట్ట ఎన్నిసార్లు మార్చుకోవాలి, ఆటలు ఆడొచ్చా, ఇది మగపిల్లలకు ఎందుకు రాదు. చెబుతూ పోయాను. కొన్నిచోట్ల తడబడ్డాను. రెండు చోట్ల పుస్తకం తెరిచి చూశాం. పొద్దు కుంకిందాకా కూర్చుని, "రేపు గూడా వస్తా" అని వెళ్లింది.

ఆమె వెళ్లాక నా ప్రతి మళ్లీ తెరిచాను. రాధ కృష్ణుడికి చెప్పే పద్యాల పక్కన పెన్సిలుతో గీత గీశాను. ఇళ ఉన్న పుటల పక్కన గీత గీయలేదు, ఆ పిల్ల అడిగిన ప్రశ్న రాసిపెట్టాను. మర్నాడు వాళ్ల నాయనతో మాట్లాడడానికి వెళ్లాలి.